సప్తపదియందలి సఖ్యము

బ్రహ్మచర్యము, గార్హస్థ్యము, వానప్రస్థము, సన్న్యాసము అను నాలుగాశ్రమములలో గృహస్థాశ్రమమే తక్కిన మూడింటికిని ఆధారమని స్మృతికర్తలు చెప్పిరి. బ్రహ్మచారికి భిక్ష పెట్టువాడు గృహస్థు. యతికి ఆతిథ్యమిచ్చువాడు గృహస్థు. దేవాలయమున దీపము వెలుగుటకు నూనె సమర్పించువాడును గృహస్థే. ఇట్టి యాశ్రమమునకు వివాహము ద్వారము. ఆ ద్వారమున ప్రవేశించిన దంపతులు కొలది సంవత్సరములకే, ఒక్కొక్కచోట కొలది మాసములకే, చెరియొక దారిని వెలుపలికి వచ్చుట నేడు తరచుగా కానవచ్చుచున్నది. పెండ్లిపందిరిలో అక్షతలు చల్లిన బంధువులే మరల న్యాయస్థానపు వసారాలో సాక్షులుగా కూర్చుండుచున్నారు. ఇది యేల జరుగుచున్నదను ప్రశ్న ప్రతి యింటిలోను పుట్టుచున్నది.

ఈ ప్రశ్నకు లోకము సులభముగా చెప్పు సమాధానములు కొన్ని కలవు. స్త్రీలు విద్యావతులై ఉద్యోగములు చేయుటయే కారణమని కొందరందురు. పాశ్చాత్య నాగరికతా వ్యామోహమని మరికొందరందురు. చట్టము ద్వారము తెరచినందున జనులు బయటికి పోవుచున్నారని ఇంకను కొందరందురు. ఈ మాటలను ఒక్కొక్కటిగా పరిశీలింపవలసియున్నది.

చట్టము మాట మొదట చూతము. కోస్తా ఆంధ్రము, రాయలసీమ మద్రాసు రాజధానిలో నుండిన కాలముననే, 1949లో, హిందువులకు విడాకుల నంగీకరించు చట్టమక్కడ వచ్చినది. 1955లో హిందూ వివాహ చట్టము వచ్చినది. ఉభయుల సమ్మతితో విడిపోవు పద్ధతి 1976లో దానియందు చేర్చబడినది. కుటుంబ న్యాయస్థానముల చట్టము 1984 నాటిది. అనగా ద్వారము తెరచి డెబ్బదియేండ్లు దాటినది. ద్వారమున్నంత మాత్రమున ఇంటివారందరు బయటికి పోరు. లోపల నిలువలేనివారే దానిని వెదకుదురు. 2011 జనాభా లెక్కలలో విడాకులు పొందినవారు దేశమున సుమారు 13.6 లక్షలమందిగా తేలినారు. మొత్తము జనాభాలో ఇది స్వల్పభాగమే. కాని విడాకులు లేకయే విడివిడిగా జీవించుచున్నవారు సుమారు 35 లక్షలమంది యని అదే లెక్క చెప్పుచున్నది. న్యాయాధిపతి ఒక్క మాటయు పలుకకముందే రెండైన యిండ్లు, ఆయన తీర్పుతో రెండైన యిండ్లకంటె ఎక్కువ యన్నమాట. కావున విడాకులకు మూలము న్యాయస్థానములో లేదు, ఇంటిలో నున్నది.

ఇక ధర్మశాస్త్రములు ఈ విషయము నెరుగవని తలచుటయు సరికాదు. బ్రాహ్మాది ధర్మవివాహములకు మోక్షము లేదని చెప్పిన కౌటిల్యుడే, తక్కిన వివాహములలో పరస్పర ద్వేషమున్నచో విడుదల కలదని అర్థశాస్త్రమున వ్రాసెను. భర్త కనబడకపోవుట, మరణించుట, సన్న్యసించుట, నపుంసకుడగుట, పతితుడగుట అను ఐదు ఆపదలలో స్త్రీకి వేరొక పతి విధింపబడునని పరాశర నారద స్మృతులు చెప్పినవి. వ్యాఖ్యాతలు ఆ వాక్యములపై వాదించుకొనిరి. తెలుగునాట పెక్కు కులములలో పెద్దల యెదుట విడుపు, అటుపై మారుమనువు ఆచారముగా నుండెను. 1955 చట్టమును అట్టి ఆచారములను త్రోసిపుచ్చలేదు.

మరి పూర్వము విడాకులు లేవను మాట యెంతవరకు నిజము? విడాకులు తక్కువయే, సందేహము లేదు. కాని ఆనాటి ప్రతి యింటిలోను సఖ్యము వెల్లివిరిసెనని దానివలన తేలదు. పుట్టింటికి పోయినచో తండ్రి తిరిగి పంపును. చేతిలో విద్య లేదు, చేరదీయు చోటు లేదు. కన్నీరు కొంగుతో తుడుచుకొని, వంటయింటి పొగవలననే కన్నులెర్రబడినవని చెప్పుకొన్న ఇల్లాండ్రు ఎందరో. దిక్కులేక నిలిచిన కాపురము వేరు, ఇష్టముతో నిలిచిన కాపురము వేరు. ఈనాడు విద్యయు సంపాదనయు స్త్రీకి దిక్కును చూపినవి. కావున కాపురమును నిలుపవలసిన భారము ఇక నిర్బంధముపై లేదు, సఖ్యముపైననే పడినది. ఆ భారమును మోయగల సఖ్యమును మాత్రము ఎవరును నేర్పుటలేదు. నేటి దుఃఖమునకు మూలమిదియే.

ఆ సఖ్యము క్రొత్తగా కనిపెట్టవలసినది కాదు. వివాహ మంత్రములలోనే యున్నది.

తెలుగువారిలో బహుళముగా నున్న ఆపస్తంబ సంప్రదాయమున వరుడు వధువు చేయి పట్టుకొని అగ్నికి సమీపమున ఏడడుగులు నడిపించును. మొదటి యడుగు అన్నముకొరకు, రెండవది బలముకొరకు, మూడవది వ్రతముకొరకు, నాలుగవది సౌఖ్యముకొరకు, ఐదవది పశుసంపదకొరకు, ఆరవది ఋతువులకొరకు, ఏడవది హోతలచే సాగు యజ్ఞకర్మలకొరకు. ప్రతి యడుగునందును విష్ణువు ఆమె ననుసరించి రావలెనని వరుడు కోరును. నడచునది ఇరువురు, వెంట నుండువాడు మహావిష్ణువు. ఇంతవరకు అనేకులకు తెలిసినదే. ఏడవ యడుగు పడిన పిమ్మట వచ్చు మంత్రమునే లోకము మరచినది.

ఏడడుగులు ముగియగానే వరుడు వధువును సఖి కమ్మని కోరును. దాసి కమ్మని కాదు, తన వంశమునకు సంతతి నిమ్మని కూడ కాదు. ఆ కోరికలు వేరు చోట్ల వచ్చును. ఇక్కడ మొదటి మాట స్నేహము. ఆమె స్నేహము తనకు లభింపవలెననియు, ఆ స్నేహమునుండి తాను గాని తన స్నేహమునుండి ఆమె గాని వియోగము పొందరాదనియు అతడు ప్రార్థించును. ఇచ్చట విజ్ఞులు గమనింపవలసినది ఒకటి కలదు. మంత్రము భయపడుచున్న వియోగము ఇల్లు వేరగుట కాదు, పడక వేరగుట కాదు, స్నేహమునుండి వేరగుట. అది జరిగిన పిమ్మట తక్కినవన్నియు వరుసగా జరుగును. న్యాయస్థానమునందు జరుగునది ఎన్నడో జరిగిన దానిని కాగితముపై వ్రాయుట మాత్రమే.

ఆ వెనువెంటనే వచ్చు మంత్రములలో వరుడు తాను ఆకాశమనియు ఆమె భూమి యనియు, తాను సామమనియు ఆమె ఋక్కనియు, తాను మనస్సనియు ఆమె వాక్కనియు చెప్పును. ఋక్కు లేనిదే సామగానము లేదు. మనస్సు లేని వాక్కు వట్టి శబ్దము. వాక్కు లేని మనస్సులో నేమున్నదో ఎవరికిని తెలియదు. దంపతులలో ఎవరు ఎక్కువ యను ప్రశ్నకు ఇక్కడ తావు లేదు. ఒకరు లేక రెండవవారికి పూర్ణత లేదనుటయే భావము.

ఏడడుగుల స్నేహమునకు గల బలమెట్టిదో మహాభారతములోని అరణ్యపర్వము చెప్పుచున్నది. సత్యవంతుని ప్రాణములను గొనిపోవుచున్న యమధర్మరాజు వెంట సావిత్రి నడచెను. మరలిపొమ్మని యముడనగా, కలసి ఏడడుగులు నడచిన మాత్రముననే మైత్రి కలుగునని పెద్దలు చెప్పుదురనియు, ఆ మైత్రిని పురస్కరించుకొని తానొక మాట చెప్పెదననియు ఆమె పలికెను. యముడు నిలిచి వినెను. విన్నందుననే వరములిచ్చెను. కడకు సత్యవంతుని ప్రాణములును తిరిగి వచ్చెను. ప్రాణములను హరింప వచ్చినవాడే ఏడడుగులు నడచిన స్త్రీ మాట నాలకించెను గదా! అగ్నిసాక్షిగా ఏడడుగులు నడచినవాడు ఒకే యింటిలో నుండి భార్య మాట ఆలకింపకుండుట, భార్య భర్త మాట ఆలకింపకుండుట ఎంతటి వైపరీత్యము!

వివాహము సప్తపదితో కూడినదైనచో ఏడవ యడుగుతోనే అది పూర్ణమై కట్టుబాటగునని 1955 చట్టములోని 7వ విభాగము చెప్పుచున్నది. శాస్త్రమును శాసనమును ఇక్కడ ఏకమైనవి. కాని పెండ్లిపందిరిలో ఆ ముహూర్తము ఎట్లు గడచుచున్నది? జీలకఱ్ఱ బెల్లము పెట్టుట, మాంగల్యధారణము, తలంబ్రాలు కాగానే బంధువులు భోజనశాలకు పోవుదురు. సప్తపది నాటికి పందిరిలో మిగులువారు పురోహితుడు, తల్లిదండ్రులు, ఫోటోలు తీయువారు. అడుగు సరిగా పడలేదని ఫోటోగ్రాఫరు మరల వేయించును. మంత్రార్థము చెప్పవలెనని పురోహితునకున్నను, త్వరగా కానిమ్మని వెనుకనుండి హెచ్చరిక వచ్చును. జీవితకాలమునకు మాట యిచ్చుచున్న ఇరువురికి తామేమి మాట యిచ్చుచున్నారో తెలియదు. హిందూ వివాహము సంస్కారమనియు, ఆటపాటలకు విందులకు ఏర్పడిన వేడుక కాదనియు 2024 ఏప్రిల్ 19న సర్వోన్నత న్యాయస్థానము చెప్పవలసివచ్చినది. ఆ మాట ముందుగా దేవాలయములనుండియు గురుపీఠములనుండియు ప్రతి యింటికి చేరవలసినది.

వివాహమునకు పూర్వము జరుగునదియు ఇట్లే యున్నది. జాతకములు పొంతన చూచునపుడు 36 గుణములలో గ్రహమైత్రికి 5 గుణములు లెక్కింతురు. వధూవరుల రాశ్యధిపతుల మైత్రిని ఇంత శ్రద్ధతో చూచువారు, వధూవరుల మైత్రిని గూర్చి విచారింపరు. అబ్బాయి జీతమెంత, అమ్మాయి జీతమెంత, అమెరికాలో స్థిరపడు యోగమున్నదా, పొలమెంత, ఇంటిస్థలమెక్కడ అని అడుగుదురు. కోపము వచ్చినపుడు అతడెట్లుండును, తప్పు జరిగినపుడు ఆమె ఎట్లుండును, పేదబంధువు ఇంటికి వచ్చినపుడు ఇరువురు ఎట్లుందురు అని అడుగువారు అరుదు. కాపురము నిలుచుట ఆ రెండవ ప్రశ్నలపైననే.

1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చినను లాంఛనముల పేర ఇచ్చిపుచ్చుకొనుట ఆగలేదు. పెండ్లియైన మూడవనాడే ఎవరికేమి పెట్టలేదను లెక్క మొదలగును. క్రొత్త దంపతులు తమలో తాము మాటలాడుకొనకముందే వారి పక్షమున రెండు కుటుంబములు వాదించుకొనుచుండును. ఇరువురును వేరువేరు వేళల ఉద్యోగములకు పోవుదురు. ఇల్లు చేరిన పిమ్మట చేతిలోని సెల్‌ఫోనుతో గడపు కాలములో పదియవ వంతు కూడ ఒకరితో నొకరు గడపరు. భర్త ఉద్యోగముపై ఆధారపడిన వీసాతో దూరదేశమునకు పోయిన వధువు, తాను ఉద్యోగము చేయ వీలులేక, పలుకరించువారు లేక నాలుగు గోడలనడుమ కూర్చుండును. ఆమె దుఃఖము భర్తకు చెప్పదు, తల్లికి ఫోనులో చెప్పును. అతడు భార్యకు చెప్పడు, తన తల్లికి చెప్పును. రెండు పట్టణములలోని ఇద్దరు తల్లులు సముద్రమున కావల నున్న కాపురమునకు తీర్పులు చెప్పుదురు. మనస్సు ఒకచోట, వాక్కు వేరొకచోట నున్న కాపురమిది.

ఆపస్తంబ గృహ్యసూత్రము వివాహానంతరము దంపతులకు మూడు రాత్రుల నియమము విధించినది. భూశయనము, బ్రహ్మచర్యము, కారము ఉప్పు విడిచిన భోజనము, నడుమ నొక దండము. తెలియని ఇరువురు దేహములతో కాక మొదట మనస్సులతో పరిచయము కావలెననుట ఈ నియమమువలన సిద్ధించు ఫలములలో నొకటి. నేడు ఆ మూడు రాత్రులును విందులలో, ప్రయాణములలో గడచిపోవుచున్నవి.

శ్రీనివాస కల్యాణమును ఈ సందర్భమున స్మరింపవలెను. స్వామి తన వివాహమునకు కుబేరునివద్ద ఋణము చేసెనని వేంకటాచల మాహాత్మ్యము చెప్పును. ఆ కథలో ఋణభాగమును అనుసరించుటకు గృహస్థులందరు సిద్ధముగనే యున్నారు. దానికి ముందు కథను మాత్రము తలపరు. భృగుమహర్షి త్రిమూర్తులను పరీక్షింపబోయి వైకుంఠమున శ్రీమహావిష్ణువు వక్షఃస్థలమును తన్నెను. స్వామి కోపింపక, లేచి మహర్షి పాదములు ఒత్తి, నొప్పి కలిగెనా యని యడిగెను. లోకమంతయు స్వామి శాంతమును కొనియాడెను. కాని ఆ వక్షఃస్థలము లక్ష్మీదేవికి నివాసము. తన నివాసమును తన్నినవానిని భర్త ఆదరించెను, తన్నేమియు అడుగలేదని ఆ తల్లి మనస్సు నొచ్చెను. ఆమె వైకుంఠమును వీడి కొల్హాపురమునకు పోయెను.

దైవలీలలను మానవులు యథాతథముగా అనుకరింపరాదు. వానియందలి భావమును గ్రహింపవలెను. ఈ లీలయందలి భావము గృహస్థులకు మిక్కిలి అవసరము. అక్కడ పరస్త్రీ లేదు, ద్రోహము లేదు, దారిద్ర్యము లేదు. అతిథిని ఆదరించుట ధర్మమే. అయినను ఇంటి యిల్లాలి నొప్పిని ఆ క్షణమున ఎవరును విచారింపలేదు. అతిథి కాలినొప్పిని అడుగుట జరిగినది, భార్య మనస్సులోని నొప్పిని అడుగుట జరుగలేదు. నేటి కాపురములలో ఎన్ని ఈ విధముగనే చెడుచున్నవి! నలుగురిలో మంచివాడని పేరుపొందినవాడు, తల్లికి, మిత్రునికి, అధికారికి వినయముతో నుండువాడు, భార్యను ఆ నలుగురిలో చిన్నబుచ్చినపుడు మౌనముగా నుండును. అట్లే ఊరిలో అందరిని నవ్వుతో పలుకరించు ఇల్లాలు, అలసి వచ్చిన భర్తను అతని బంధువుల యెదుటనే పరిహసించును. ఆ నొప్పి చిన్నదే. దానిని ఎవరును అడుగకపోవుట పెద్దది.

కథ అంతటితో ముగియలేదు. వెళ్లినది తనకుతానే తిరిగివచ్చునని స్వామి వైకుంఠమున కూర్చుండలేదు. ఎవరు ముందు మాటలాడవలెనను పట్టుదలకు పోలేదు. లక్ష్మి లేని వైకుంఠము శూన్యమని తానే దిగివచ్చి వేంకటాద్రిని చేరెను. స్వామిపుష్కరిణి సమీపమున చింతచెట్టు క్రింది పుట్టలో నివసించెను. పశువులకాపరి గొడ్డలి దెబ్బ తినెను. పద్మావతీ కల్యాణమునకు సైతము లక్ష్మీదేవిని గౌరవముతో రప్పించెనని స్థలపురాణము. నేటికిని తిరుమలలో ఆమె స్వామి వక్షఃస్థలముననే వెలసియున్నది. సర్వలోకేశ్వరుడు దిగివచ్చినపుడు, నెలజీతమునకు పనిచేయు మానవుడు తన గదినుండి ప్రక్క గదికి పోయి, నీ మనస్సు నొచ్చినదా యని అడుగుటకు సంకోచింపనేల?

ఈ ధర్మము ఇరువురికిని సమానము. భర్తలను వశపరచుకొనుటకు మంత్రములున్నవా, ఓషధులున్నవా యని సత్యభామ అడుగగా ద్రౌపది ఆ మాటనే నిరసించెనని అరణ్యపర్వము చెప్పును. భార్య తనను వశపరచుకొనజూచుచున్నదని తెలిసిన భర్త, ఇంటిలో పామున్నట్లు భయపడునని ఆమె అభిప్రాయము. వశపరచుకొనవలెనను బుద్ధి ఎవరియందున్నను అక్కడ సఖ్యము నిలువదు. భర్త భార్యవలనను, భార్య భర్తవలనను సంతుష్టులై యున్న కులముననే కల్యాణము స్థిరమని మనువు ఇరువురిని కలిపియే చెప్పెను. ఒక్కరి సంతుష్టి చాలునని చెప్పలేదు.

ఇక్కడ ఒక విషయమున పొరపాటు పడరాదు. సఖ్యమును నిలుపుమనుట హింసను సహింపుమనుట కాదు. భార్యను కొట్టువాడు, కట్నముకొరకు వేధించువాడు, ప్రాణభయము కలిగించువాడు సప్తపదినాటి మాటను ముందే త్రెంచినవాడు. అట్టి యింటికి కూతురిని బుజ్జగించి మరల పంపు తల్లిదండ్రులు ధర్మమును కాపాడుట లేదు, లోకాపవాదమునకు భయపడుచున్నారు. గృహహింసనుండి స్త్రీలకు రక్షణ నిచ్చు చట్టము 2005లో వచ్చినది. దానిని ఆశ్రయించుట దోషము కాదు. తిరిగివచ్చిన కూతురికి పుట్టింటి ద్వారము మూయుటయే దోషము. అట్లే అసత్యమైన ఆరోపణలతో భర్తను, వృద్ధులైన అత్తమామలను బాధించుటయు అధర్మమే. తిరిగి అతుకని బంధమును త్రెంచుటకు తనకు గల విశేషాధికారమును 2023 మే 1న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనము ప్రకటించినది. కొన్ని బంధములు నిజముగనే అతుకవు. అట్టివారిని నిందించుట దేవాలయమునకు వచ్చు భక్తులకు తగదు. వారును స్వామి బిడ్డలే.

కాని అతుకదగిన బంధములు అంతకంటె ఎక్కువ. ఉభయసమ్మతితో విడిపోవువారికి కూడ చట్టము సామాన్యముగా ఆరు మాసముల గడువునిచ్చినది. విశేష సందర్భములలో న్యాయస్థానము ఆ గడువును తగ్గింపవచ్చును. సామాన్యులు ఆ ఆరు మాసములను వాయిదా దినములుగా లెక్కపెట్టుదురు. దానిని వ్రతముగా భావింపవచ్చును. ఆ కాలమున న్యాయవాదులు, బంధువులు లేకుండ, ఇరువురే కూర్చుండి, నిందింపకుండ, నీకెక్కడ నొచ్చినదని ఒకరినొకరు అడుగుదురు గాక. సమాధానము చెప్పుచున్నపుడు అడ్డుపడకుందురు గాక. అంత మాత్రమున అందరును కలియుదురని చెప్పజాలము. కలిసినవారు క్రొత్తగా ఏడడుగులు నడచినవారగుదురు. విడిపోవువారు సైతము శత్రువులు కాక విడిపోవుదురు. నడుమనున్న బిడ్డకు తల్లిపై తండ్రి, తండ్రిపై తల్లి చెప్పు విషవాక్యములు వినుట తప్పును.

పెద్దలకును కర్తవ్యము కలదు. వివాహమునకు ముందొకనాడు పురోహితుని ఇంటికి పిలిచి, సప్తపది మంత్రముల అర్థమును వధూవరులిరువురికిని తెలుగులో చెప్పింపవలెను. మండపమునకును భోజనములకును వెచ్చించు ద్రవ్యముతో పోల్చినచో దీనికి కావలసినది ఒక్క గంట కాలమే. సప్తపది సమయమున బంధువులు పందిరిలో నిలువవలెను. పెండ్లియైన పిమ్మట కొడుకు గాని కూతురు గాని ఫిర్యాదుతో ఫోను చేసినచో, ఈ మాట నీ భార్యతో చెప్పితివా, నీ భర్తతో చెప్పితివా అని మొదట అడుగవలెను. హింస లేనిచోట ఆ ఒక్క ప్రశ్న అనేక కాపురములను కాపాడగలదు.

వివాహమునాటి రాత్రి దంపతులకు అరుంధతీ నక్షత్రమును చూపుదురు. సప్తర్షి మండలమున వసిష్ఠునకు అత్యంత సమీపమున నుండు చిన్న నక్షత్రమది. ఒక్కసారి తలయెత్తినంతనే కనబడదు. నిలిచి, నిదానించి, దృష్టి నిలిపినవారికే కనబడును. దాంపత్యమునందలి సఖ్యమును అట్టిదే. స్వామి కల్యాణోత్సవమున అక్షతలు శిరసున దాల్చు దంపతులందరు ఆ రోజు ఇంటికి పోయినపిమ్మట ఒకరి మాట నొకరు నిలిచి విందురు గాక. వక్షఃస్థలమున శ్రీదేవిని ధరించిన శ్రీనివాసుడు వారి గృహములయందు ఎల్లప్పుడు వెంట నడచుగాక.

శుభం భూయాత్.